వియ్యంకుడి చేతి బెల్టు

ఇంజను ఒక్కసారి దగ్గితే చాలు, లోపల ఏ బోల్టుకి జలుబు చేసిందో కళ్లు మూసుకుని చెప్పేస్తానని డ్రైవరు తొక్తోసున్ కొచ్‌కోర్ ఊరి వ్యాన్ల స్టాండులో ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్నాడు. అలాంటి చెవి ప్రపంచం మొత్తం మీద ఇద్దరికే ఉందట. రెండో ఆయన జపానులో ఉంటాడట. ఆయనకి కూడా ఈమధ్య వినికిడి తగ్గిందట.

సెప్టెంబరు మొదటి మంగళవారం నాడు ఆ చెవి సంగతి తేలిపోయింది. నారిన్‌లో పదకొండు మందిని ఎక్కించుకుని దోలోన్ కనుమ దిగుతుంటే, వ్యాన్‌లో ఎక్కడో కుయ్యి కుయ్యిమని సన్నటి మూలుగు వినపడింది. తొక్తోసున్ వ్యాన్ పక్కకి తీసి ఆపి, చెయ్యి పైకెత్తాడు.

"ఎవరూ ఊపిరి కూడా తియ్యకండి. టైమింగ్ బెల్టు ఏడుస్తోంది."

అందర్నీ చలిగాలిలోకి దింపేశాడు. ఆ వ్యాన్‌కి ఇంజను డ్రైవరు సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తి, బెల్టు మీది ప్లాస్టిక్ మూత విప్పి, నలభై నిమిషాలు అందులో తల దూర్చి ఉండిపోయాడు. పొద్దున్నే నున్నగా గీసుకుని బయల్దేరిన ఒకాయనకి ఆ నలభై నిమిషాల్లోనే గడ్డం పెరిగిందని చూసినవాళ్లు చెబుతారు. చివరికి ఒక ముసలమ్మ తన కోటు బొత్తాలు విప్పి, లోపల్నుంచి గుప్పెడంత కుక్కపిల్లని పైకి తీసింది.

"ఇంకా ఎంతసేపు నాయనా? దీనికి పాలవేళయింది, ఇందాకట్నుంచీ ఏడుస్తోంది" అంది.

పదకొండు మందీ పడీ పడీ నవ్వారు. పరువు పోయాక మనిషి ఏదో ఒకటి పట్టుకోవాలి కాబట్టి తొక్తోసున్ బెల్టు పట్టుకున్నాడు. వేలితో మడతపెట్టి చూసేసరికి అతని మొహమే మారిపోయింది. పళ్ల మొదళ్లలో సన్నటి పగుళ్లు, నీళ్లు లేని మడిలా.

"నవ్వండి, నవ్వండి. నేను చెప్పింది ఈ బెల్టు గురించే కదా?" అన్నాడు కానీ, కొచ్‌కోర్ దాకా బండిని గర్భిణీ స్త్రీని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాడు. ఇంజను పైభాగాన్నీ కిందిభాగాన్నీ ఒక అడుగులో నడిపించేది ఆ ఒక్క రబ్బరు పట్టీయే. కనుమ మీద అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని కొడతాయి, ఇంజను పాత ఇనుము తూకానికి పోతుంది. ఇంజను పోతే వ్యాన్ పోయినట్టు. వ్యాన్ పోతే తొక్తోసున్‌కి చేతిలో మిగిలేది తన పేరొక్కటే. ఆ పేరుకి అర్థం 'నిలవాలి' అని. అంతకుముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, వీడైనా నిలవాలని అమ్మ పెట్టుకున్న పేరు. బండి నడిపేవాడికి ఆ పేరేమిటని ప్రయాణికులు ఎలాగూ ఏడిపిస్తారు.

ఇంటికొచ్చి భార్య బురుల్‌తో చెప్పాడు. "రేపు బాలిక్చీ పోతా. నాలుగేళ్ల కిందట ఈ బెల్టు వేసింది గ్రీషా బాబాయే. ఆయన దగ్గరే మార్పించుకొస్తా."

బురుల్ పిండి పిసుకుతున్నదల్లా ఆగింది. "గ్రీషా షెడ్డెక్కడుంది?"

"మెకానిక్కుల వీధిలో."

"ఆ వీధిలో గ్రీషాకి రెండు గుమ్మాల ఇవతల ఎవరున్నారు?"

రెండు గుమ్మాల ఇవతల ఉన్నది మెకానిక్కు ఎసెన్‌కుల్. తమ అమ్మాయి జిపార్‌ని కిందటి వసంతంలో ఇచ్చింది ఎసెన్‌కుల్ కొడుక్కే.

"వియ్యంకుడి గుమ్మం ముందు నుంచి పోయి వేరేవాడి చేత బండి బాగుచేయించుకుంటావా? రేపు పిల్ల బిష్కెక్ నుంచి అత్తారింటికొస్తే ఏ మొహం పెట్టుకుని టీ పోస్తుంది వాళ్లకి?"

"వియ్యంకుడనే భయం" అన్నాడు తొక్తోసున్. "గ్రీషా అయితే మీద నిలబడి చూస్తా. అదేంటి, ఇదేంటి అని అడుగుతా. బావగారిని ఏమడుగుతాం?"

అడిగి చూడమని ఫోను అతని చెవికి ఆనించింది బురుల్. తొక్తోసున్ కుశలప్రశ్నలన్నీ అయ్యాక, పశువుల క్షేమం కూడా కనుక్కున్నాక, గొంతు సవరించుకుని, "అదే బావగారూ... బెల్టుకి ఎంతవుతుందో..." అన్నాడు.

అవతల ఎసెన్‌కుల్ గాయపడ్డ గొంతుతో, "బావగారూ, ఆ మాట నేను వినలేదు" అన్నాడు. "మన మధ్య డబ్బేమిటండీ? బెల్టు నేనే కొంటా, నేనే వేస్తా. గురువారం మీరు రండి, కూర్చోండి, తినండి. అంతే."

తొక్తోసున్ ఫోను పెట్టేసి గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. ధర చెప్పేవాడు ఎంత ముంచుతాడో ముందే తెలుస్తుంది. ధరే చెప్పనివాడు ఎంత లోతుకి ముంచుతాడు? పైగా బెల్టు కూడా తనే కొంటాడట! పోయినేడు స్టాండులో ఒక డ్రైవరు చెప్పిన కథ గుర్తొచ్చింది. ఎవడో మెకానిక్కు పాత బెల్టునే కిరసనాయిల్లో కడిగి, బూట్ల పాలిష్ రుద్ది, తళతళలాడించి మళ్లీ ఎక్కించాడట. ఆ కథ చెప్పిన డ్రైవరు జీవితంలో ఒక్క నిజం కూడా చెప్పి ఎరగడు. అయినా సరే.

ఊరికే చేసే ఆ పనికి తీసుకెళ్లాల్సిన సామాను బురుల్ బుధవారం నుంచే సర్దడం మొదలుపెట్టింది. వియ్యపురాలికి వెల్వెట్ గుడ్డ, వియ్యంకుడికి చొక్కా, గోనెసంచిడు బొర్సోక్‌లు (అవి నూనెలో వేయించిన పిండి ముక్కలు, ఒక్క గోనెతో చిన్న సైన్యాన్ని వారం పోషించవచ్చు), అట్టపెట్టెడు మిఠాయిలు, గుర్రపు మాంసం, చక్కెర. ఆ సొమ్ముతో గ్రీషా దగ్గర రెండు బెల్టులు మార్పించుకుని, మిగిలిన దాంతో గ్రీషాకి చొక్కా పెట్టొచ్చని తొక్తోసున్ అంటే, ఆవిడ పిండి చేత్తోనే గుమ్మం చూపించింది.

గురువారం పొద్దున్నే బురుల్ ఆవు దగ్గరికి వెళ్లిన సమయం చూసి, తొక్తోసున్ ఆవిడ అలంకరణ పెట్టె తెరిచాడు. తెల్ల పెయింటు కోసం కొట్టమంతా వెతికాడు కానీ దొరకలేదు. పెట్టెలో గోళ్ల రంగు సీసా ఉంది. గులాబీ రంగు, అందులో మెరుపు పొడి. సీసా పట్టుకుని వ్యాన్ దగ్గరికి వెళ్లి, సీటు ఎత్తి, మూత విప్పి, బెల్టు వీపు మీద ఒక చుక్క పెట్టాడు. కొత్త బెల్టంటూ పాతది ఎక్కిస్తే ఆ చుక్కే పట్టిస్తుంది. మనసు తేలికపడింది.

మూత పెట్టబోతుంటే ఇంకో ఆలోచన వచ్చింది. బెల్టు నిజంగానే కొత్తది వేసి, అది తిరిగే పుల్లీ మార్చేస్తే? పై పుల్లీ పన్ను మీద ఇంకో చుక్క పెట్టాడు. మరి బ్యాటరీ? రేడియేటర్ మూత? ఆయిలు చూసే పుల్ల? స్పేర్ టైరు? అద్దం? స్టీరింగు మీద కూడా పెట్టబోయాడు కానీ, అది మారిస్తే తనకి పట్టుకోగానే తెలుస్తుంది కదా అని ఆగాడు. సీసా అడుగంటేసరికి వ్యాన్, ఊరందరి దిష్టీ తగులుతుందని ఒళ్లంతా చుక్కలు పెట్టించుకున్న చంటిపిల్లలా ఉంది. చుక్కలన్నీ కనపడని చోట్లే పెట్టాడు, అంత తెలివి ఉంది.

బాలిక్చీలో ఎప్పట్లాగే గాలి. ఆ ఊళ్లో టోపీ ఎవరికీ సొంతం కాదు; పొద్దున ఒకరి నెత్తిన ఉన్నది సాయంత్రానికి ఇంకొకరి నెత్తిన ఉంటుంది, మనుషులు అలవాటుపడిపోయారు. తొక్తోసున్ తన టోపీ చేత్తో పట్టుకుని దిగేసరికి ఎసెన్‌కుల్ రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు. ఆయన వెనకే భార్య సాకిన్.

"రండి రండి బావగారూ! తాళాలిటివ్వండి."

"నేను కూడా పక్కన నిలబడి కాస్త..."

"నిలబడటమా!" ఎసెన్‌కుల్ అదిరిపడ్డాడు. "మా వియ్యంకుడు షెడ్డులో నిలబడ్డాడని వీధిలో ఎవరన్నా చూస్తే నేను ఈ ఊళ్లో బతకాలా వద్దా? సాకిన్, అన్నయ్యగారిని లోపలికి తీసుకెళ్లు."

లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఎంత గొప్ప చుట్టమైతే తలుపుకి అంత దూరంగా, ఎదురు గోడకి ఆనించి కూర్చోబెట్టాలి. వియ్యంకుణ్ణి మించిన చుట్టం లేడు. కాబట్టి తొక్తోసున్ వెనక గోడ, ముందు బల్ల, బల్ల మీద కొండలా రొట్టెలు. కిటికీ ఉంది కానీ అది షెడ్డు వైపు కాదు, సరస్సు వైపు. ముద్దాయిని కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు పోలీసులకి కూడా తట్టలేదు.

సాకిన్ టీ పోసింది. గిన్నె నిండా పోస్తే ఇక లేవమని, కొంచెం కొంచెం పోస్తే ఇంకా ఉండమని అర్థం. సాకిన్ ఒక్కోసారి రెండు గుక్కలు పోస్తోంది. ఈ లెక్కన వచ్చే గురువారం దాకా లేవనిచ్చేలా లేరు. అంత మర్యాద ఎందుకో? బయట షెడ్డులో ఏం జరుగుతున్నప్పుడు చుట్టాన్ని లోపల కట్టిపడేస్తారు?

షెడ్డు వైపు నుంచి సుత్తి చప్పుడు వినిపించింది. ఠంగ్. ఠంగ్.

"సుత్తి ఎందుకు?" అన్నాడు తొక్తోసున్. బెల్టు రబ్బరుది. రబ్బరుని సుత్తితో కొట్టేవాణ్ణి అతను ఎక్కడా చూడలేదు.

"ఏదో కొడుతున్నారు లెండి. జామ్ వేసుకోండి అన్నయ్యగారూ, మన చెట్టు ఆప్రికాట్లే."

సుత్తి ఆగింది. అది ఇంకా ఘోరం. ఇప్పుడేం చేస్తున్నాడు? కిరసనాయిలు వాసన వస్తోందా? తొక్తోసున్ ముక్కుని తలుపు వైపు తిప్పాడు. వేపుడు మాంసం వాసన తప్ప ఏమీ రాలేదు. వేపుడు మాంసం వాసన వెనక కిరసనాయిలు వాసన ఎంతైనా దాచొచ్చు.

"చేతులు కడుక్కోవాలి చెల్లెమ్మా, అలా బయటికి వెళ్లి..." అని లేవబోయాడు. సాకిన్ అప్పటికే చెంబూ పళ్లెమూ తువ్వాలూ పట్టుకుని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చుట్టం చేతుల దగ్గరికి నీళ్లే వస్తాయి, చుట్టం నీళ్ల దగ్గరికి పోడు. కడుక్కున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. దొడ్డికి వెళ్లాలన్నాడు. దొడ్డి పెరటి చివర. దారిలో షెడ్డు గుమ్మం పక్కగా మెల్లిగా, దొంగపిల్లిలా నడిచాడు. సీటు ఎత్తి ఉంది. ఎసెన్‌కుల్ వీపు కనపడుతోంది. ఇంకేమీ కనపడలేదు. పావుగంట తర్వాత మళ్లీ వెళ్లాడు. ఈసారి గోడ మేకుకి నల్లగా ఏదో వేలాడుతోంది. పాత బెల్టా, కొత్త బెల్టా? చుక్క ఉన్న వైపు గోడకి ఉందో ఏమో. మూడోసారి వెళ్లబోతుంటే సాకిన్ గుమ్మంలో అడ్డం నిలబడి, జాలిగా, "అన్నయ్యగారూ, ఎన్నాళ్లనుంచి ఇలా?" అంది. తర్వాత పక్కగదిలో ఆవిడ ఫోనులో బురుల్‌తో గుసగుసలాడటం వినపడింది. "షుగరు పరీక్ష చేయించారా వదినా? దాచుకోవద్దు, మనం మనం ఒకటి..."

ఉడికిన గొర్రె వచ్చింది. తలకాయని వియ్యంకుడి ముందే పెట్టాలి. పెట్టారు. తొక్తోసున్ దాని వంక చూశాడు. అదీ అతని వంక అనుమానంగానే చూసింది. చెవి కోసి ఇంట్లో చిన్నవాళ్లకి ఇవ్వాలి కానీ ఆ ఇంట్లో చిన్నవాళ్లు ఎవరూ లేరు. చెవి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

అంతలో ఎసెన్‌కుల్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అయిపోయింది బావగారూ! రండి, స్టార్ట్ చేద్దాం."

తొక్తోసున్ చెవి పళ్లెంలో పడేసి పరిగెత్తాడు. నిజానికి పరిగెత్తలేదు, వియ్యంకులు పరిగెత్తరు. కానీ ఎసెన్‌కుల్ కంటే ముందు షెడ్డులో ఉన్నాడు. మొదట మేకు దగ్గరికే వెళ్లాడు. పాత బెల్టు తిప్పి చూశాడు. చుక్క ఉంది. గులాబీ రంగు, మెరుపు పొడి. అంటే లోపల ఉన్నది కొత్తదే. గుండెల మీద నుంచి ఎవరో ఇంజను దించినట్టయింది. పాపం, బావగారు ఎంత మంచివాడు! ఎంత పెద్ద మనసు! మనిషి జన్మెత్తితే ఇలాంటి వియ్యంకుడు దొరకాలి.

ఎసెన్‌కుల్ తాళం తిప్పాడు. ఇంజను ఒక్క ఉదుటున కాక, మూలుగుతూ మూలుగుతూ అందుకుంది. తర్వాత వ్యాన్ మొత్తం గజగజ వణికింది. వెనక నల్లటి పొగ. అద్దాలు టకటకలాడాయి. ముసలి ఒంటె నిద్రలో దగ్గినట్టు దగ్గి, ఆగి, మళ్లీ దగ్గింది.

తొక్తోసున్ కళ్లల్లో బావగారి పెద్ద మనసు టక్కున చిన్నదైపోయింది.

"ఇది పొద్దున ఇలా లేదు" అన్నాడు. వియ్యంకుడితో అనదగ్గ మాటల్లో అంతకన్నా పెద్ద మాట లేదు.

ఎసెన్‌కుల్ మొహం పాలిపోయింది. వెంటనే ఆపేశాడు. "ఉండండి, ఉండండి. నా ముప్పై ఏళ్ల సర్వీసులో..." అంటూ మళ్లీ మూత విప్పి, టార్చి వేసి లోపలికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. చివరికి తలెత్తినప్పుడు ఆయన మొహం ఎర్రగా ఉంది.

"ఇటు రండి బావగారూ. ఇది చూడండి."

తొక్తోసున్ చూశాడు. పై పుల్లీ పన్ను మీద గులాబీ చుక్క ముద్దుగా మెరుస్తోంది.

"పుల్లీ మీద ఒక గాటు ఉంటుంది" అన్నాడు ఎసెన్‌కుల్. "ఆ గాటు ఇంజను ఒంటి మీది గీతకి ఎదురుగా పెట్టి బెల్టు ఎక్కించాలి. పాత బండ్లలో గాటు మసి పట్టి కనపడదు. అందుకే ఎవడు పని చేసినా దాని మీద రంగు చుక్క పెట్టి వెళ్తాడు, తర్వాత వచ్చేవాడికి దారి తెలియాలని. మాలో మాకు అదొక నమ్మకం. చుక్క చూస్తే గాటు చూసినట్టే. నేను చుక్కని నమ్మి ఎక్కించా. ఇప్పుడు గోకి చూస్తే గాటు దాని పక్క పన్ను మీద ఉంది!"

తొక్తోసున్ ఇరవై ఏళ్లుగా ఆ ఇంజను మీద కూర్చుంటున్నాడు కానీ, చుక్కలకి అర్థం ఉంటుందని అతనికి తెలీదు.

"ఒక్క పన్ను" అన్నాడు ఎసెన్‌కుల్. "ఇంకొక్క పన్ను తప్పి ఉంటే వాల్వులు వంగి మీ ఇంజను తూకానికి పోయేది. నా చేతుల్లో! మా వియ్యంకుడి బండి! ఈ బెల్టు ఇంతకుముందు మార్చిందెవరు?"

"...గ్రీషా బాబాయ్."

"ఓహో! పక్కవాడి దగ్గరికి పోతే పాడవ్వాలని తప్పుడు చుక్క పెట్టాడన్నమాట! ముప్పై ఏళ్లు ఒకే వీధిలో ఉప్పు ఇచ్చిపుచ్చుకున్నామే! ఇవాళ వీధిలో తేలిపోవాలి!"

"పోనీలెండి బావగారూ, ముసలాయన, చెయ్యి జారిందేమో..."

"చెయ్యి జారితే రంగు కిందపడుతుంది, పక్క పన్ను మీద పడదు!"

ఎసెన్‌కుల్ బయట గాలిలోకి వెళ్లి, గాలికన్నా గట్టిగా అరిచాడు. గ్రీషా వచ్చాడు. డెబ్భై ఏళ్లుంటాయి, కళ్లద్దాలకి ఒక వైపు పుల్ల లేదు, దారం కట్టుకున్నాడు. తిట్లన్నీ ఓపిగ్గా విన్నాడు. తర్వాత టార్చి అడిగి తీసుకుని లోపలికి చూశాడు.

"గులాబీ రంగు" అన్నాడు.

"అవును, గులాబీ రంగు!"

"మెరుస్తోంది."

"మెరుస్తోంది! సిగ్గులేదా?"

"ఏవయ్యా ఎసెన్‌కుల్, నలభై ఐదేళ్లుగా నేను తెల్లరంగే పెడతా. గులాబీ రంగు కొంటే మా ఆవిడ బతికున్న రోజుల్లోనే కొనేవాణ్ణి." గుడ్డకి పెట్రోలు తడిపి పక్క పన్ను మీద రుద్దాడు. మసి వదిలింది. కింద సరిగ్గా గాటు మీద, వెలిసిపోయిన తెల్ల చుక్క. "ఇదీ నాది."

ఎసెన్‌కుల్ టోపీ తీశాడు. గాలి దాన్ని లాక్కోబోతే మళ్లీ పెట్టుకున్నాడు. "క్షమించు బాబాయ్."

"క్షమిస్తాగానీ, పానా ఇటివ్వు."

ఇద్దరూ కలిసి అరగంటలో బెల్టు వదులు చేసి, ఒక పన్ను జరిపి, బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి చూశారు. ఎక్కడా తగల్లేదు. తాళం తిప్పితే ఇంజను వెన్న తిన్న పిల్లిలా గుర్రుమంది. పొగ లేదు, వణుకు లేదు. తొక్తోసున్ లోపల కూడా వణుకు తగ్గింది. బండి దక్కింది. ఇక మెల్లిగా టోపీ పట్టుకుని బయల్దేరడమే.

"అయితే ఇది ఎవరు పెట్టినట్టు?" అన్నాడు ఎసెన్‌కుల్.

"గాలికి వచ్చి ఉంటుంది" అన్నాడు తొక్తోసున్.

"గాలికి రంగు ఎగిరొచ్చి పుల్లీ మీద గుండ్రంగా పడిందా?" ఎసెన్‌కుల్ ఇంజను చుట్టూ టార్చి తిప్పాడు. "ఇదిగో, బ్యాటరీ మీద ఒకటి. రేడియేటర్ మూత మీద! ఆయిలు పుల్ల మీద కూడా! బావగారూ, మీ స్టాండులో మీకు ఎవరో గట్టి శత్రువు ఉన్నాడు. చేతబడో ఏమో ఇది! రేపు నేను మీతో కొచ్‌కోర్ వస్తా. డ్రైవర్లందర్నీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ కళ్లల్లోకి చూసి అడుగుతా."

"అబ్బే, మీకెందుకండీ శ్రమ..."

"శ్రమా? మీరు నాకేమవుతారు? మీ బండి మీద చెయ్యి వేస్తే నా మీద వేసినట్టు కాదూ!"

అప్పుడు సాకిన్ వచ్చింది. వియ్యంకుడు ఉత్త భుజాలతో ఇంటికి వెళ్లకూడదు కదా, చేతుల మీద కొత్త చపాన్ కోటు తెచ్చింది. నల్ల వెల్వెట్ మీద బంగారు రంగు కొమ్ముల అల్లిక. తొక్తోసున్ వెనక్కి వెళ్లి, దాన్ని అతని భుజాల మీద కప్పి, మెడ దగ్గర సర్దుతోంది. గ్రీషా కళ్లద్దాలు సవరించుకుని ఆవిడ వేళ్ల వంక చూశాడు. తర్వాత పుల్లీ వంక చూశాడు. మళ్లీ వేళ్ల వంక చూశాడు.

"ఎసెన్‌కుల్" అన్నాడు, "కొచ్‌కోర్ దాకా ఎందుకులే, డీజిలు దండగ."

నల్ల వెల్వెట్ మీద సాకిన్ గోళ్లు పదీ గులాబీ రంగులో మెరుస్తున్నాయి.

"సాకిన్!" అన్నాడు ఎసెన్‌కుల్. "నువ్వా?"

"నేనేంటి?" ఆవిడ ఇంజనులోకి తొంగి చూసి, చుక్కలు చూసి, భర్త వైపు తిరిగి నడుం మీద చెయ్యి వేసుకుంది. "పొద్దున్నుంచి గొర్రె వండి, రొట్టెలు కాల్చి, మధ్యలో మీ ఇంజనుకి గోళ్లు తీర్చే తీరిక ఉందా నాకు? ఈ రంగు మన కోడలు బిష్కెక్ నుంచి పంపింది. రెండే సీసాలు. ఒకటి నాకు, ఒకటి వాళ్లమ్మ..."

మాట అక్కడ ఆగింది. ముగ్గురూ మెల్లిగా తొక్తోసున్ వైపు తిరిగారు. చపాన్ భుజాల మీద మంచి బరువుగా ఉంది.

అందరికన్నా ముందు తేరుకుంది సాకిన్. చుట్టం పరువు ఇంటి ఇల్లాలి చేతిలో ఉంటుంది. "అయ్యో, నాకర్థమైంది!" అంది గబగబా. "దారిలో దొంగల భయం కదా, సామాన్లు మార్చేస్తారు. అందుకని అన్నయ్యగారు గుర్తులు పెట్టుకుని ఉంటారు. అంతే కదా అన్నయ్యగారూ? స్టాండులో దొంగల కోసమే కదా?"

ఎసెన్‌కుల్ మొహంలో రంగు తిరిగొచ్చింది. "అదీ మాట!" అన్నాడు సంతోషంగా. "స్టాండులో వెధవలకి కొదవా! దొంగల కోసమే కదా బావగారూ?"

అవుననడానికి తొక్తోసున్ నోరు తెరిచాడు. ఒక్క మాటే. ఆ మాట అంటే చపాన్ కప్పుకుని ఇంటికి పోవచ్చు. స్టాండులో తనతో పాటు టీ తాగే పద్నాలుగు మంది దొంగలైపోతారు. వాళ్లకేం, వాళ్లు ఎలాగూ ఇక్కడ లేరు. ఎసెన్‌కుల్ మాత్రం ఇక్కడే ఉన్నాడు. మోచేతుల దాకా మసి. నుదుటి మీద, వంగినప్పుడు తగిలిన దెబ్బ. రేపు నిజంగానే కొచ్‌కోర్ వచ్చేస్తాడు, అందర్నీ వరసలో నిలబెట్టేస్తాడు, ఆ కళ్లతోనే ఒక్కొక్కరినీ చూస్తాడు.

"కాదు చెల్లెమ్మా" అన్నాడు. తర్వాత చపాన్ తీసి చేతి మీద వేసుకున్నాడు, కప్పుకుని చెప్పే మాట కాదు కాబట్టి. "స్టాండులో దొంగలు లేరు. పాత బెల్టుని కడిగి, పాలిష్ రుద్ది, మళ్లీ నాకే ఎక్కిస్తారని... అందుకు పెట్టా. పొద్దున్నే, మా ఆవిడకి తెలీకుండా. దొడ్డికి వెళ్లింది కూడా అందుకే. నాకు షుగర్ లేదు."

"ఎవరు ఎక్కిస్తారని?" అన్నాడు ఎసెన్‌కుల్. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

"మీరే, బావగారూ."

గ్రీషా తన కళ్లద్దాలు తీసి, తుడవాల్సినంత మురికి లేకపోయినా తుడవడం మొదలుపెట్టాడు. సాకిన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఎన్ని?" అన్నాడు ఎసెన్‌కుల్ చివరికి.

"ముప్పై ఏడు."

ఎసెన్‌కుల్ వ్యాన్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి చూశాడు.

"జాకీ అడుగున కూడా ఒకటుంది" అన్నాడు తొక్తోసున్. "అది మీకు ఇంకా కనపడలేదు."